పాదానికి తెలిసిన చదువు

హైదరాబాద్‌లో మా గడ్డిఅన్నారంలో ఇళ్ల మధ్య మిగిలిన ఖాళీ జాగా ఒకటుంది. ఆదివారం పొద్దున ఆరు కాకముందే పిల్లలు అక్కడికి చేరతారు. ఇటువైపు గోల్‌పోస్టుకు రెండు ఇటుకలు, అటువైపు రెండు జతల చెప్పులు. వాళ్లకు ఫుట్‌బాల్ నేర్పే ఆయన ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడినవారు. ఇప్పుడు యాభై దాటాయి, మోకాలు నొప్పి, అయినా ఆదివారం తప్పరు. పిల్లలకు ఆయన పేరుతో పని లేదు, సార్ అంతే.

ఒక ఆదివారం పదకొండేళ్ల పిల్లవాడొకడు ఆయన్ని వదలకుండా పట్టుకున్నాడు. సార్ తన్నిన బంతి నేలకు జానెడెత్తున గీత గీసినట్టు వెళ్లి ఇటుకను తాకింది. వాడు తన్నితే లేచి కరెంటు తీగల దాకా పోతోంది.

"ఎట్ల సార్?"

"ఇట్ల రా." తన్ని చూపించారు.

"అదే సార్, ఎట్ల?"

"ఈ కాలు బంతి పక్కన పెట్టాలె. చీలమండ బిగవట్టాలె. మీదికి వంగాలె. అంతే." ఈసారి ఒక్కొక్కటీ చెప్పుకుంటూ తన్నారు. బంతి ఇటుకకు మూరెడు దూరం నుంచి పోయి గోడకు తగిలింది.

పిల్లలు నవ్వారు. నాకు మాత్రం ఆ మూరెడు దూరం మనసులో ఉండిపోయింది. ముప్ఫై ఏళ్లుగా ఆ కాలికి వచ్చిన విద్య, నోటితో చెప్పబోయేసరికి ఎందుకు తప్పింది? బాగా ఆడినవాడు బాగా నేర్పగలడని మనమంతా అనుకుంటాం. ఆటగాడు బూట్లు విప్పి విజిల్ మెడలో వేసుకునే వేళ, అతని ఒంట్లో ఉన్నది ఇంకొకరి ఒంట్లోకి చేరే దారి ఏమిటి? ఈ ప్రశ్నకు నాడీశాస్త్రం కొంత జవాబు చెబుతోంది. దాని కన్నా ముందే, గడ్డిఅన్నారం నుంచి మలక్‌పేట మీదుగా వెళితే వచ్చే చాదర్‌ఘాట్‌లో పాఠాలు చెప్పిన ఒక బడిపంతులు ఆచరణలో జవాబు చూపించి వెళ్లాడు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

ముందు శాస్త్రం సంగతి చూద్దాం.

బంతిని తన్నినప్పుడు పాదం బంతిని తాకి ఉండే కాలం సెకనులో సుమారు నూరో వంతు. పాదం నుంచి స్పర్శ వార్త వెన్నుపాము గుండా మెదడుకు చేరడానికి అంతకు మూడు నాలుగు రెట్ల సమయం పడుతుంది. అంటే "తగిలింది" అని మెదడుకు తెలిసేసరికి బంతి పాదాన్ని వదిలి పోయే ఉంటుంది. తన్నేటప్పుడు దిద్దుకోవడం ఎవరి వల్లా కాదు. కాలు వెనక్కి లేవకముందే తొడ, పిక్క, చీలమండ కండరాలు ఏ వరసలో బిగుసుకోవాలో, ఎప్పుడు వదులు కావాలో ఆజ్ఞలన్నీ సిద్ధమై ఉండాలి. ఆ ఆజ్ఞల కట్ట ఒక్కరోజులో తయారయ్యేది కాదు. వేలసార్లు తన్ని, తప్పి, మళ్లీ తన్నిన మీదట చిన్నమెదడు, బేసల్ గాంగ్లియా అనే లోపలి కేంద్రాలు కలిసి దాన్ని గట్టిపరుస్తాయి.

ఈ జ్ఞాపకం, మనం మాటల్లో చెప్పుకునే జ్ఞాపకం ఒకటి కావని తేలింది ఒక రోగి వల్ల. మూర్ఛ తగ్గడానికి 1953లో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్ యువకుడికి మెదడులో రెండు పక్కలా కొంత భాగాన్ని తీసేశారు. ఆ తర్వాత అతనికి కొత్త సంగతి ఏదీ గుర్తుండేది కాదు. పొద్దున కలిసిన మనిషి మధ్యాహ్నానికి కొత్తవాడే. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అతని చేత అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయించింది. అద్దంలో దిశలు తారుమారవుతాయి కనుక మొదట చెయ్యి వంకర్లు పోయింది. రోజూ గీయించగా మూడో రోజుకు చక్కగా గీశాడు. విశేషమేమంటే, తాను ఆ పని ఇంతకు ముందు చేసినట్టే అతనికి గుర్తులేదు. మనిషికి తెలియకుండానే చేతికి తెలిసింది. మిల్నర్ ఈ ఫలితాన్ని 1962లో ప్రకటించింది. మాటల జ్ఞాపకానికి ఒక ఇల్లు, చేతల జ్ఞాపకానికి ఇంకొక ఇల్లు మెదడులో వేరువేరుగా ఉన్నాయని అప్పుడు అర్థమైంది.

మా సార్ గురి తప్పడానికి కారణం ఇంకొక పరిశోధనలో ఉంది. 2002లో అమెరికాలో సియాన్ బైలాక్, ఆమె సహచరులు అనుభవం ఉన్న ఫుట్‌బాల్ ఆటగాళ్ల చేత వరసగా పెట్టిన గుర్తుల మధ్య నుంచి బంతిని నడిపించారు. ఒకసారి వాళ్ల ధ్యాసను వేరే వైపు మళ్లించారు: వినిపించే మాటల్లో ఫలానా మాట వస్తే పలకాలి. ఇంకోసారి ధ్యాసను పాదం మీదే పెట్టమన్నారు: బంతి ఇప్పుడు పాదంలో ఏ పక్క తగిలిందో చెప్పాలి. కుడికాలితో నడిపినప్పుడు పాదం మీద ధ్యాస పెట్టినవాళ్లు వెనకబడ్డారు. అలవాటైన పనిని మనసు పట్టి చూడబోతే అది ముక్కలు ముక్కలవుతుంది. మెట్లు దిగుతూ ఏ కాలు ముందు పెడుతున్నామా అని ఆలోచిస్తే తడబడతాం కదా, అలాంటిదే. అదే ఆటగాళ్లు ఎడమకాలితో నడిపినప్పుడు మాత్రం ఫలితం తిరగబడింది. ధ్యాస పెడితే ఆట మెరుగైంది. కుడికాలు ఉద్దండ పండితుడు, ఎడమకాలు ఓనమాల దగ్గరున్న పిల్లవాడు. ఒకే మనిషిలో ఇద్దరూ ఉన్నారు.

ఈ ఎడమకాలి సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి. రహీం కథలో దాని దగ్గరికే వస్తాం.

మా వైపు "కోచింగ్" అంటే అర్థం వేరు. పక్కనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగితే గ్రూప్స్ కోచింగ్, డీఎస్సీ కోచింగ్, సాఫ్ట్‌వేర్ కోచింగ్ బోర్డులు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్లలో ఉండి రాత్రింబవళ్లు చదువుతారు. వాళ్ల కష్టం మీద నాకు గౌరవముంది. అయినా ఆ బోర్డుల కింద నడిచినప్పుడల్లా, ఇక్కడికి నాలుగైదు కిలోమీటర్ల లోపే పని చేసిన భారత ఫుట్‌బాల్‌లోకెల్లా గొప్ప కోచ్‌ను తలుచుకునే గుర్తు ఈ దారిలో నా కంట పడలేదే అని బాధ కలుగుతుంది.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టుకు ఆడాడు. తర్వాత బడిపంతులయ్యాడు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పని చేశాడు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్, అదే కాలంలో భారత జట్టు కోచ్. చనిపోయేదాకా ఆ బాధ్యతల్లోనే ఉన్నాడు. ఆటగాడిగా ఆయన దేశానికి ఆడినవాడు కాడు. ఊళ్లో మంచి ఆటగాడని పేరుంది, అంతవరకే. ఆయనలో ఆటగాడు, కోచ్ అనే రెండు దశల మధ్య తరగతి గది ఉంది. నా దృష్టిలో ఆయన సాధించిన దానికంతటికీ వేరు ఆ తరగతి గదిలోనే ఉంది.

పంతులుకు తెలిసి ఉండవలసిన మొదటి సంగతి, తనకు వచ్చింది ఎదుటివాడికి రాదని. లెక్కల పంతులు తనకు నోటికొచ్చిన ఎక్కాన్ని పిల్లవాడి కోసం మళ్లీ మొదటినుంచి కట్టాలి. రహీం ఫుట్‌బాల్‌ను అలా మొదటినుంచి కట్టాడు. ఆయన హైదరాబాద్‌లో కుర్రాళ్ల కోసం కొన్ని విచిత్రమైన పోటీలు పెట్టాడు. ఒక పోటీలో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకుని నడిపించుకుపోకూడదు. వచ్చిన బంతిని వెంటనే ఇంకొకరికి అందించాలి. ఇంకొక పోటీలో అలవాటైన కాలితో ఆడకూడదు; ఎవరికి ఏ కాలు వాటం తక్కువో ఆ కాలితోనే ఆడాలి.

ఉపన్యాసాలు లేవు. చీలమండ ఎలా బిగించాలో చెప్పే వర్ణన లేదు. నియమం ఒక్కటి మారింది, అంతే. ఆ నియమం లోపల ఆడుతూ పిల్లవాడి ఒళ్లే దారి వెతుక్కోవాలి. 1986లో కార్ల్ న్యూవెల్ అనే శాస్త్రవేత్త మనిషి కదలికలు ఎలా కుదురుకుంటాయో వివరిస్తూ, ఆడేవాడి ఒళ్లు, చుట్టూ ఉన్న పరిసరం, పనికి పెట్టిన నియమం అనే మూడింటి ఒత్తిడి మధ్య కదలిక రూపు దిద్దుకుంటుందన్నాడు. ఇవాళ ప్రపంచమంతా యువ ఆటగాళ్ల శిక్షణలో దీనికి పెద్ద పీట ఉంది. మైదానం చిన్నది చెయ్యి, స్పర్శల సంఖ్య తగ్గించు, గోల్ పోస్టులు నాలుగు పెట్టు, ఆట నేర్పుతుంది అంటారు. రహీం ఈ సిద్ధాంతం పుట్టడానికి మూడు దశాబ్దాల ముందటి మనిషి.

ఎడమకాలి పోటీని కొంచెం లోతుగా చూడాలి. మనుషుల్లో అయిదింట నాలుగు వంతుల మంది కుడికాలి వాటం వాళ్లే. ఫ్రాన్స్‌లో 1998లో జరిగిన ప్రపంచ కప్ మ్యాచ్‌లను పరిశోధకులు స్పర్శ స్పర్శకూ లెక్కించారు. అక్కడా దాదాపు 80 శాతం ఆటగాళ్లు కుడికాలి వాళ్లే. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ప్రపంచంలో అగ్రశ్రేణి వాళ్లు కూడా వాటం లేని కాలిని చాలా అరుదుగా వాడారు. వాడిన కొద్దిసార్లూ మాత్రం అది ఇంచుమించు వాటమైన కాలి అంత బాగానే పని చేసింది. కాలిలో లోపం లేదు, వాడకంలో ఉంది. వాటం లేని కాలిని తప్పించుకోవడానికి ఆటగాడు బంతి చుట్టూ ఒక అడుగు అదనంగా వేస్తాడు. ఆ ఒక్క అడుగు ప్రత్యర్థి వచ్చి మీద పడడానికి చాలు.

2003లో నార్వేలో హాలాండ్, హాఫ్ అనే ఇద్దరు పరిశోధకులు ఫుట్‌బాల్ ఆటగాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపు కొన్ని వారాలపాటు శిక్షణలో వాటం లేని కాలినే వాడింది. రెండో గుంపు మామూలుగా సాధన చేసింది. ఎడమకాలు మెరుగుపడడంలో వింత లేదు. వింత ఏమిటంటే, తర్ఫీదు ఇవ్వని కుడికాలు కూడా మెరుగుపడింది. కారణం పూర్తిగా తేలలేదు కానీ, అర్థం చేసుకునే దారి ఉంది. కుడికాలిని మెదడులో ఎడమ సగం, ఎడమకాలిని కుడి సగం నడుపుతాయి. రెండు సగాల మధ్య కోట్లాది నాడీతంతువుల వంతెన ఉంది. ఒక పక్క నేర్చుకున్న క్రమంలో కొంత ఆ వంతెన దాటి రెండో పక్కకు చేరుతుంది. దానికి తోడు, ఎడమకాలితో ఆడేటప్పుడు మనిషి మళ్లీ విద్యార్థి అవుతాడు. శరీరం బరువు ఎక్కడ మోపాలి, తుంటి ఎటు తిరగాలి అని మళ్లీ వెతుక్కుంటాడు. ఆ వెతుకులాటలో కుడికాలి ఆట కింద ఎప్పుడో పూడుకుపోయిన పునాది మళ్లీ కదులుతుంది.

నార్వే వాళ్ల కొలతలకు సుమారు అర్ధశతాబ్దం ముందు రహీం చేతిలో కొలిచే యంత్రం ఏదీ లేదు. ఉన్నది కళ్లు, నోటు పుస్తకం, బడిపంతులు ఓపిక.

బంతిని వెంటనే అందించే పోటీ వెనుక ఇంకొక లెక్క ఉంది. ఎంత వేగంగా పరిగెత్తే ఆటగాడైనా సెకనుకు 10 మీటర్ల చుట్టుపక్కలే ఆగుతాడు. బంతి కాళ్ల దగ్గర ఉంటే ఇంకా తగ్గుతాడు. గట్టిగా అందించిన బంతి సెకనుకు 15 మీటర్లు సునాయాసంగా పోతుంది. పైగా దానికి ఆయాసం లేదు. ఒక్క స్పర్శలోనే అందించాలంటే బంతి రాకముందే చుట్టూ చూసి ఉండాలి. నార్వే శాస్త్రవేత్త గేర్ యోర్డెట్ ఇంగ్లండ్ అగ్రశ్రేణి ఆటగాళ్ల వీడియోలు పరిశీలించి, బంతి అందుకునే ముందు తల ఎక్కువసార్లు తిప్పి చూసేవాళ్లే బంతిని ఎక్కువ భాగం సరిగా ముందుకు పంపగలుగుతున్నారని చూపించాడు. "తల ఎత్తి ఆడు" అని వందసార్లు అరిచినా తల ఎత్తని పిల్లవాడు, నియమం మారిస్తే తనంతట తానే తల ఎత్తుతాడు. ఎత్తకపోతే బంతి పోతుంది మరి.

ఇలా పెరిగిన కుర్రాళ్లతోనే హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్ తెచ్చింది. కలకత్తా క్లబ్బులు దేశాన్ని ఏలుతున్న రోజుల్లో ఒక పోలీసు జట్టు ఇది సాధించడం మాటలు కాదు. జట్టు ఒక్కటే కాదు, ఊరంతా తయారైంది. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, లతీఫ్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం - 1950ల భారత జట్టు చూస్తే మన ఊరి వీధులే కనిపిస్తాయి.

భారత జట్టు మొదటి పెద్ద గెలుపు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో. ఫైనల్లో ఇరాన్ మీద 1-0, గోల్ మేవాలాల్‌ది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో దెబ్బ తగిలింది. యుగోస్లావియా 10-1తో ఓడించింది. మనవాళ్లలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు. ఎండిన నేల మీద ఉత్తపాదానికి బంతి మీద ఉండే పట్టు నిజమే. చర్మంలోని స్పర్శ గ్రాహకాలు బంతి ఒరుపును నేరుగా చదువుతాయి. చలి దేశంలో తడి గడ్డి మీద లెక్క వేరు. చలికి పాదం మొద్దుబారితే ఆ స్పర్శే పోతుంది. తడి నేల మీద పాదం జారుతుంది, ఒక్కసారిగా ఆగి తిరగడానికి ఒరిపిడి చాలదు. నాటి తోలు బంతి నీరు పీల్చి బరువెక్కేది. ఆ ఓటమి తర్వాత దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. పైగా ఆనాడు మన దేశీయ టోర్నీల్లో మ్యాచ్ సాధారణంగా 70 నిమిషాలే. కండరాల్లో గ్లైకోజెన్ అనే ఇంధనం అడుగంటేది సరిగ్గా చివరి ఇరవై నిమిషాల్లో. ఇంట్లో ఎన్నడూ పరిగెత్తని ఆ ఇరవై నిమిషాలు బయటి దేశంలో పరిగెత్తమంటే ఒళ్లు ఎక్కడినుంచి తెస్తుంది?

రహీం ఆ 10-1ని మరిచిపోలేదు, దాచుకోలేదు. చదువుకున్నాడు. 1953 నవంబరులో హంగరీ జట్టు వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించినప్పుడు ప్రపంచానికి ఒక కొత్త ఎత్తు తెలిసింది. ముందు వరసలో నడుమ ఉండవలసిన ఫార్వర్డ్ హిడెగ్కుటి వెనక్కి వచ్చి ఆడాడు. అతని మీద కాపలా పెట్టిన డిఫెండర్‌కు వాకిలి కావలివాడి చిక్కు వచ్చింది: మనిషి వెంట పోతే వాకిలి ఖాళీ, వాకిట్లోనే నిలబడితే మనిషి స్వేచ్ఛగా తిరుగుతాడు. రహీం ఈ పద్ధతిని మన ఆటగాళ్లకు నేర్పి 1956లో మెల్‌బోర్న్ తీసుకువెళ్లాడు. మొదటి రౌండులో హంగరీ తప్పుకోవడంతో నేరుగా క్వార్టర్ ఫైనల్. అక్కడ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు; ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒక ఆసియా ఆటగాడికి అదే మొదటి హ్యాట్రిక్. సెమీఫైనల్లో అదే యుగోస్లావియా మీద మొదటి గోల్ మనదే. తర్వాత వాళ్లు నాలుగు కొట్టారు. నాలుగేళ్లలో 10-1 నుంచి 4-1కు, అదీ ముందు మనం గోల్ చేసి. కాంస్య పోరులో బల్గేరియాతో 0-3 ఓడి నాలుగో స్థానంతో ఆగారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన మొదటి ఆసియా జట్టు అది.

1960 రోమ్‌లో హంగరీతో 1-2 తేడాతో ఓడి, ఫ్రాన్స్‌తో 1-1 డ్రా చేసుకున్నారు. పెరూ చేతిలో ఓడి గ్రూపులోనే ఆగిపోయారు.

తర్వాతిది 1962 జకార్తా. రహీం అప్పటికే ఊపిరితిత్తుల కేన్సర్‌తో ఉన్నాడు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయిలాండ్ మీద గెలిచిన మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. మామూలు కోచ్ అయితే అతన్ని కూర్చోబెట్టేవాడు, లేదా కట్టు కట్టి డిఫెన్స్‌లోనే నిలబెట్టేవాడు. రహీం అతన్ని తీసుకుపోయి సెంటర్ ఫార్వర్డ్‌గా పెట్టాడు. సెమీస్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2 గెలుపులో జర్నైల్ గోల్ ఉంది. ఫైనల్ సెప్టెంబరు 4న, మళ్లీ దక్షిణ కొరియాతోనే. రాజకీయ వివాదం వల్ల స్టేడియం అంతా మనకు ఎదురు తిరిగింది. జ్వరం నుంచి లేచిన పీటర్ తంగరాజ్ గోల్‌లో నిలబడ్డాడు. పి.కె. బెనర్జీ 17వ నిమిషంలో, కుట్లున్న తలతో ఆడుతున్న జర్నైల్ 20వ నిమిషంలో గోల్స్ చేశారు. 2-1, బంగారు పతకం.

దెబ్బతిన్న మనిషిని ముందుకు పంపడంలో సాహసం ఉందని అందరూ అంటారు. నాకు అందులో లెక్క కనిపిస్తుంది. డిఫెండర్ పని ఎదుటివాడి ఎత్తుకు క్షణంలో స్పందించడం. ఆలస్యమైతే గోల్ పోతుంది. ఫార్వర్డ్ తన క్షణాన్ని తాను ఎంచుకోవచ్చు. తప్పితే ఒక అవకాశం పోతుంది, అంతే. ఇంతకాలం ఫార్వర్డ్‌లను ఆపిన మనిషికి వాళ్లు ఎక్కడ నిలబడితే తనకు కష్టమయ్యేదో బాగా తెలుసు. ఆ తెలివిడి మాటల్లోకి రాకపోవచ్చు. చోటు మారిస్తే కాళ్లలోంచి బయటికి వస్తుంది. చాదర్‌ఘాట్ పంతులు చేసింది మళ్లీ అదే: చెప్పడం తక్కువ, నిలబెట్టే చోటు మార్చడం ఎక్కువ.

1963 జూన్ 11న రహీం చనిపోయాడు. వయసు 53. తర్వాత ఇప్పటిదాకా భారత జట్టు ఆసియా క్రీడల బంగారం తేలేదు. 2024లో హిందీలో "మైదాన్" సినిమా వచ్చాక కొత్త తరానికి ఆయన పేరు తెలిసింది.

దేశానికి ఆడి, తర్వాత కోచ్‌లైన హైదరాబాదీలు ఆయన వెనుక వచ్చారు. వాళ్లలో సయ్యద్ నయీముద్దీన్ ముందుంటాడు. రహీం తీర్చిన సిటీ పోలీస్ జట్టులోంచి కలకత్తా వెళ్లిన డిఫెండర్. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టు కెప్టెన్. కోచ్‌గా 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఒకే సీజన్లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడూ గెలిపించాడు. 1997 కాఠ్మండూ సాఫ్ పోటీల్లో భారత్ గెలిచినప్పుడు కోచ్ ఆయనే. తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టుకూ కోచ్‌గా వెళ్లాడు. ద్రోణాచార్య అవార్డు 1990లో, అర్జున 1997లో వచ్చాయి. నేర్పినందుకు ముందు, ఆడినందుకు తర్వాత! క్రమశిక్షణకు పెట్టింది పేరు. తిండి, నిద్ర, వేళ అన్నీ ఆయన లెక్క ప్రకారం సాగాలి. ఆటగాడిగా తన ఒంటితో తాను చేసిన ప్రయోగాన్ని జట్టు మొత్తానికి వర్తింపజేసినవాడు ఆయన.

షబ్బీర్ అలీ దారి వేరు. గోల్స్ కొట్టిన ఫార్వర్డ్. కోచ్‌గా గోవాలోని సాల్గావ్‌కర్ క్లబ్బుకు 1998-99 జాతీయ లీగ్ గెలిపించాడు. ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్న మొదటి ఫుట్‌బాలర్ ఆయన. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్, తర్వాత టాటా ఫుట్‌బాల్ అకాడమీలో పిల్లలకు నేర్పాడు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం ఆటగాడు, కోచ్, అంతర్జాతీయ రెఫరీ కూడా.

ప్రపంచంలో ఆటగాడిగా, కోచ్‌గా రెండు విధాలా ప్రపంచ కప్ గెలిచినవాళ్లు ముగ్గురే: బ్రెజిల్ జగాలో, జర్మనీ బెకెన్‌బావర్, ఫ్రాన్స్ దెషాంప్. వృత్తి ఆటగాడిగా ఒక్క మ్యాచ్ ఆడని అర్రిగో సాక్కీ మిలాన్ జట్టుకు 1989, 1990ల్లో వరసగా యూరోపియన్ కప్ గెలిపించాడు. కాబట్టి గొప్పగా ఆడి ఉండడం కోచ్‌కు అవసరమా అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఆడినవాడికి ఒక లాభం ఉంది. డ్రెస్సింగ్ రూంలో అతని మాటకు బరువుంటుంది, అలసట ఎప్పుడు వస్తుందో పక్కటెముకలతో తెలుసు. ఒక నష్టమూ ఉంది. తనకు రానప్పుడు ఎలా ఉండేదో అతను మరిచిపోయి ఉంటాడు. నయీం, షబ్బీర్ వంటివాళ్ల మీద నాకున్న గౌరవానికి కారణం, ఆ మరపును దాటడానికి వాళ్లు పడ్డ శ్రమ. రహీం విషయంలో ఆ మరపు మొదటినుంచీ లేదు. ప్రతి ఏటా కొత్త తరగతి ఏమీ రాని పిల్లలతో ఆయన ముందుకు వచ్చి కూర్చునేది.

ఈ సంగతులన్నీ మా సార్‌తో చెప్పాను. ఎడమకాలి పోటీ మాట వినగానే ఆయన కళ్లు మెరిశాయి. మరుసటి ఆదివారమే పెట్టేశారు. అయిదుగురూ అయిదుగురూ, ఇరవై నిమిషాలు. కుడికాలితో తాకితే బంతి ఎదుటి జట్టుది. మరిచిపోకుండా ఉండడానికి ఒక్కొక్కరి కుడి చీలమండకు పాత చీర పేలిక కట్టారు.

మొదటి అయిదు నిమిషాలు చూడలేకపోయాం. బంతి ఒకచోటికి అంటే ఇంకొకచోటికి పోతోంది. ఎప్పుడూ గోల్స్ కొట్టే పెద్ద కుర్రాడు రెండుసార్లు గాలిని తన్ని కూలబడ్డాడు. తర్వాత మెల్లగా ఆట మారింది. గట్టిగా తన్నే శక్తి ఎవరికీ లేదు గనుక దగ్గర దగ్గరగా నిలబడడం మొదలుపెట్టారు. బంతి నెమ్మదిగా వస్తోంది గనుక దానికి ఎదురెళ్లడం నేర్చుకున్నారు. "ఇయ్యి, ఇయ్యి" అన్న అరుపులు పెరిగాయి.

అప్పుడు కనిపించాడు ఒక చిన్నవాడు. బక్కగా ఉంటాడు, జట్లు పంచుకునేటప్పుడు చివరికి మిగిలేవాడు. ఇంట్లో అన్నం ఎడమచేత్తో తింటున్నాడని వాళ్లమ్మ వీపు మీద ఒకటిచ్చేదట. పుర్రచెయ్యి అని బళ్లోనూ వెక్కిరించేవాళ్లు. వాడి కాలు కూడా ఎడమ వాటమే. ఇంతకాలం అందరూ కుడికాలితో ఆడుతుంటే తానూ కుడికాలితోనే ఆడాలనుకున్నాడు. ఆ రోజు వాడి ఒక్కడి బంతే నేలకు జానెడెత్తున, గీత గీసినట్టు పోయింది. మూడు గోల్స్.

ఆట అయ్యాక పిల్లలంతా వాడి చుట్టూ చేరారు. మొన్న సార్‌ను పట్టుకున్న పదకొండేళ్లవాడే ముందుకొచ్చి అడిగాడు.

"అరె, ఎట్ల కొడ్తున్నవ్ రా?"

వాడు కాలికున్న పేలిక విప్పుతూ ఒక్క క్షణం ఆలోచించాడు.

"ఏమో. కొడ్తున్న, అంతే."

మా సార్ నా వైపు చూసి నవ్వారు. పేలికలన్నీ పోగు చేసి, వచ్చే ఆదివారానికి సంచిలో దాచిపెట్టుకున్నారు.